వయసు తెలియని బల్లి

"బూట్లు విప్పాలా?" గుమ్మంలో నిలబడే అడిగింది ట్రూస్.

"వద్దండీ, అలాగే రండి," అంది మార్లూస్. పొద్దుటి నుంచి ఆమె నేల రెండుసార్లు తుడిచింది.

ట్రూస్‌కి డెబ్బై దాటాయి. డెవెంటర్ ఊళ్లో, దిక్కులేని జంతువుల్ని చేరదీసే చోట పనిచేస్తుంది. పన్నెండు రోజుల కిందట మార్లూస్ అక్కణ్ణుంచి తెచ్చుకున్న గెకో బల్లి కొత్త ఇంట్లో కుదురుకుందో లేదో చూడటానికి వచ్చింది. నచ్చితే సంతకం పెడుతుంది. నచ్చకపోతే సంచిలో ఉన్న చిన్న పెట్టెలో బల్లిని వెనక్కి తీసుకుపోతుంది. మార్లూస్ కూతురు ఫెమ్కె ఆ సంచి వైపే చూస్తోంది. పదేళ్ల పిల్ల. బుధవారం కాబట్టి బడి మధ్యాహ్నానికే అయిపోయింది.

"అమ్మా, రేపు తాతయ్య పుట్టినరోజు. ఇప్పుడే టాయిలెట్ గోడ మీది పుట్టినరోజుల క్యాలెండర్లో చూశా," అంది ఫెమ్కె, ఏదో ఒకటి మాట్లాడాలని.

"సరే, పొద్దున్నే ఫోన్ చేద్దాం. పక్కకి జరుగు, ఆవిణ్ణి రానీ."

గాజుపెట్టె ఎండ పడని గోడవైపు, పొట్టి బీరువా మీద ఉంది. మూడువైపులా తువ్వాలు కప్పారు. ఒక చివర వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉంది. రెండు చోట్లా దాక్కోవడానికి బోర్లించిన మట్టిమూకుళ్లు ఉన్నాయి. కింద ఇసుక లేదు, కాగితం పరిచారు. పెట్టె కాస్త జరిగిన చోట బీరువా చెక్క మీద లేతరంగు గీత కనిపించింది.

"తువ్వాలు కప్పమని మా కాగితంలో రాయలేదే!"

"అన్నివైపులా మనుషులు కదులుతుంటే బెదురుతుంది కదండీ. వచ్చేవారం నుంచి ఒక్కోవైపే తీస్తా."

"తింటోందా?"

"మొదటి నాలుగు రోజులూ ముట్టలేదు. మేమూ తొందరపెట్టలేదు. ఇప్పుడు రోజు విడిచి రోజు నాలుగైదు పురుగులు." మార్లూస్ చెంచాతో గిన్నె అంచు మీద మూడుసార్లు తట్టింది. మూకుడు కింద నుంచి పసుపుపచ్చ తల బయటికొచ్చింది. తర్వాత చుక్కల వీపు, లావుపాటి తోక.

ట్రూస్ నోరు తెరిచింది. "చప్పుడుకి వస్తోందా! ఆర్నెల్లు మా దగ్గరుండి ఒక్కళ్ల మొహం చూసింది కాదు. నీకెవరు నేర్పారమ్మాయ్?"

మార్లూస్ మెడ దాకా ఎర్రబడింది. "ఎక్కడో చదివానండీ."

"ఇటు రా, పి..." ఫెమ్కె నాలుక కరుచుకుంది. "నవంబర్! ఇటు రా."

"వేరే పేరు పెట్టుకుంటే పెట్టుకోండి. ఆ నెలలో దొరికిందని మేం అలా పిలిచాం, అంతే."

మార్లూస్ కాఫీ పోసి, బిస్కెట్ల డబ్బా తెరిచి చాపింది. ఎప్పుడూ ఒకటి తీసుకోగానే మూత పెట్టే మనిషి, ఇవాళ మరిచిపోయింది. ట్రూస్ రెండోది కూడా తీసుకుని కాగితాలు విప్పింది.

"వయసు దగ్గర ప్రశ్నార్థకం. ఏం చేస్తాం? వదిలేసినవాళ్లు ఒక్క ముక్క రాసిపెట్టలేదు. వానలో, మా గేటు ముందు, బూట్ల అట్టపెట్టె. గాలికి పెన్సిల్‌తో కన్నాలు పొడిచారు. అడుగున వేడినీళ్ల సంచి పెట్టారు, నేను చూసేసరికి అది మంచుముక్క. అంత ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కసారి గంట కొడితే ఏం పోయింది?"

"సిగ్గేసి ఉంటుందండీ," అంది మార్లూస్, కప్పులోకి చూస్తూ.

"సిగ్గా! ఇంకో గంట ఆగితే బల్లి చచ్చేది. అప్పుడా సిగ్గుని ఏ అట్టపెట్టెలో పెట్టి ఎవరి గుమ్మంలో వదిలేవాళ్లట? అందుకే మాకో నియమం ఉంది. ఒకసారి వదిలేసినవాళ్లకి మళ్లీ ఇవ్వం. కాళ్లు పట్టుకున్నా ఇవ్వం."

ఫెమ్కె లేచి వెళ్లి గాజుపెట్టెకి అడ్డంగా నిలబడింది.

"ఇంట్లో బల్లి పడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఇప్పుడెవరూ లేరు. ఏడాదిపాటు రూడ్ అని, నాతో ఉండేవాడు. అతనికి బల్లి అంటేనే ఒళ్లు జలదరించేది. మార్చిలో వెళ్లిపోయాడు."

"పోతే పోయాడు. బల్లి నయం, గురక పెట్టదు."

ట్రూస్ పిల్ల వైపు తిరిగింది. "అమ్మ దీన్ని బాగా చూసుకుంటోందా?"

ఫెమ్కె తల్లిని చాలాసేపు చూసింది. "ఇప్పుడు చూసుకుంటోంది."

మార్లూస్ తల ఎత్తలేదు. ఆ వంగిన మెడ చూసి ట్రూస్‌కి తన మీద తనకే చిరాకేసింది. మొదటిసారి పెంచుకుంటున్న మనిషిని ఇంతలా గదమాయించాలా?

"టాయిలెట్ ఎక్కడ?" అని లేచింది.

"వాకిలి పక్కనేనండీ."

చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. ఈలోగా మార్లూస్ అరచెయ్యి పైకి తిప్పి, పెట్టెలో కదలకుండా ఉంచింది. బల్లి ముందు వేళ్లు వాసన చూసింది. తర్వాత నెమ్మదిగా ఎక్కి, అరచేతిలో పొట్ట ఆనించి కళ్లు మూసుకుంది. ట్రూస్ తడిచేతులతో తలుపు దగ్గరే ఆగి, అదంతా చూసింది.

"ఆ క్యాలెండర్ నువ్వే రాశావా, ఫెమ్కె?"

"ఊఁ. అక్షరాలు నేర్చుకున్న కొత్తలో."

"బాగా రాశావు. పుట్టిన ఏళ్లతో సహా, ఎవర్నీ మర్చిపోలేదు."

మార్లూస్ చెయ్యి వెనక్కి తీయబోయింది. బల్లి మాత్రం దిగలేదు.

ట్రూస్ కుర్చీలో కూర్చుని బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టింది. కలం తీసి ఏదో కొట్టేసింది, ఏదో రాసింది, అడుగున సంతకం పెట్టింది. కాగితాన్ని మార్లూస్ ముందుకి జరిపి, ఖాళీ పెట్టె ఉన్న సంచి భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

వయసు గడిలో ప్రశ్నార్థకం పోయి, 'పిప్‌కి ఏప్రిల్ 14తో ఆరేళ్లు నిండాయి' అని ఉంది.