రూబెన్ కోళ్లు

ఓవెన్‌లో బ్రెడ్డు పొంగుతోంది. ఎస్తేరు మూడోసారి వంటింట్లోకి వచ్చి, పిండి పిసుకుతున్న రూబెన్‌ను చూసి మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయింది.

ఐసీయూలో తన చేతుల్లో ఒక పసిపాప పోయాక ఆమె నర్సు ఉద్యోగం మానేసింది. ఆ నెలలోనే భర్త రూబెన్, ఆఫీసంటే విసుగొచ్చిందనీ, కోళ్లు పెంచుకుంటూ బ్రెడ్డు చేసి అమ్ముకోవడమే తన కల అనీ అన్నాడు. సిటీలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఫ్లాటు ఖాళీ చేసి, ఊరికి దూరంగా అత్తిబెలె అవతల ఈ పెంకుటింటికి వచ్చి ఏడాదయింది. రోజూ తెల్లారకముందే లేచి కోళ్లగూడు కడిగేదీ, గుడ్లు తీసేదీ అతనే.

ఆ కల పాడుచేయడానికి ఆమెకు మనసు రావడం లేదు.

చివరికి గుమ్మంలో నిలబడి చెప్పేసింది. "ఏమండీ, హాస్పిటల్లో మళ్లీ జాబ్ వచ్చింది. మండే జాయిన్ అవ్వాలి. ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదు."

రూబెన్ పిండి చేతులతోనే స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"కోపమొచ్చిందా?"

"వాళ్లే పిలిచారా, నువ్వే అప్లై చేశావా?"

"నేనే చేశాను."

అతను కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"నిన్ను కొన్నాళ్లు సిటీకి దూరంగా తీసుకెళ్లమని అప్పట్లో మీ హాస్పిటల్ డాక్టరమ్మ చెప్పింది. నీకోసమని చెబితే నువ్వు రావు కదా" అన్నాడు. "నాకు చిన్నప్పట్నుంచీ కోళ్లంటే భయం, ఎస్తేరూ."