కుదుపు తగలకూడదు

"చొక్కా కత్తిరించాలి, కొంచెం జరగండమ్మా," అంది నర్సు.

యంకమ్మ జరగలేదు. కాకీ చొక్కా గుండీల మీదుగా చెయ్యి పోనిచ్చి ఒకదాని దగ్గర ఆగింది. ఆ ఒక్క గుండీకే ఎర్రదారం.

"ఇది నేను కుట్టిందే," అంది.

నర్సుకు ఆ మాట చాలు. కేసు కాగితం మీద ఆంజినప్ప అని రాసుకుంది. సండూరు దారిలో ఖనిజం లారీ బోల్తా పడితే తెచ్చిన మనిషి. జుట్టు నుంచి పాదాల దాకా ఎర్రధూళి. ఏది ధూళో ఏది రక్తమో తెలియడం లేదు. ముఖమంతా వాచి కళ్లు మూసుకుపోయాయి. మధ్యమధ్యలో "అమ్మా" అని మూలుగుతున్నాడు.

యంకమ్మను బ్రూస్‌పేటలోని ఇంటి నుంచి ఆటోలో తీసుకొచ్చింది లారీ యజమాని గుమాస్తా కోటిలింగం. లారీలో ఉన్నది ఇద్దరు. ఆమె కొడుకు ఆంజినప్ప డ్రైవరు, తిప్పేస్వామి క్లీనరు. ఒకడు తల నలిగి అక్కడే పోయాడు.

"స్టీరింగ్ డొక్కలో గుద్దుకుండాది పెద్దమ్మా. కాకీ తొడుక్కున్నోడే గదా స్టీరింగ్ పట్టేది, లేకుంటే చెక్‌పోస్టులో వదలరు. మీవాడు మిగిలినాడు," అని కోటిలింగం దారంతా ధైర్యం చెప్పాడు.

యంకమ్మ దారంతా ఏడుస్తూనే ఉంది. రేవులో ఖనిజం ఓడలు నిండాలని బండ్లను తరుముతున్నారని, కొడుక్కి రెండు రాత్రులుగా నిద్ర లేదని, పొద్దున సంగటి ముందు కూర్చునే కునికాడని చెప్పింది. ఎప్పుడూ సందు మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు ఈరోజు చూడలేదని, ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పింది.

నర్సు చొక్కా తీసేసి తడిగుడ్డతో పొట్ట తుడిచింది. ధూళి కింద నున్నటి చర్మం, ఎడమ పక్క నల్లగా కమిలిన మచ్చ బయటపడ్డాయి. యంకమ్మ ఆ పొట్ట వంకే చూస్తూ గోడకు చెయ్యి ఆనించుకుంది.

డాక్టర్ హిమజ వచ్చి ముందెప్పుడైనా పొట్టకు ఆపరేషన్ అయిందా అని అడిగింది. యంకమ్మ ఆ నున్నటి పొట్టను పై నుంచి కింది దాకా మళ్లీ ఒకసారి చూసింది.

"ఈ పిల్లోనికి ఏ కోతా కాలేదు తల్లీ."

సీటీ స్కాన్ గది తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకున్నాక హిమజ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది. ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చీలింది. చుట్టూ రక్తం చేరింది. కానీ నరంలోకి ఎక్కించిన మందు చీలికలోంచి బయటికి కారడం లేదు. అంటే రక్తం గడ్డకట్టి దాని మీద మూతలా నిలబడింది.

"ఆ మూత ఊడకుంటే కోయనక్కర్లేదు. కుదుపు తగలకూడదు. బీపీ పడిపోతే మాత్రం వెంటనే కోయాలి. దానికి ఇంటివాళ్ల సంతకం ఇప్పుడే కావాలి."

"ఇంటోళ్లు లేకుంటే?"

"ఇక్కడ ఉంచుకోరు. హుబ్బళ్లి పెద్దాసుపత్రికి పంపించేస్తారు."

"ఆ గుంతల రోడ్డులోనా?"

హిమజ కాగితం ముందుకు జరిపింది. యంకమ్మ పెన్ను తీసుకుని కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

"మునుపు ఈ మిషను లేదు గదా తల్లీ."

"లేదు. అనుమానం వస్తే కోసి, చీలి ఉంటే ప్లీహమే తీసేసేవాళ్లు."

"తెలుసు. ఎద్దు కుమ్మిన పిల్లోన్ని అట్లే కోసినారు. ఈడ్నుంచి ఈడ దాకా." తన పొట్ట మీద నిలువుగా వేలితో గీసి చూపించింది. "బతికినాడు. పెద్దోడైనాడు."

హిమజ అప్పటికే రోగి వైపు వెళ్లిపోయింది.

కోటిలింగానికి ఇంకో పని మిగిలి ఉంది. తిప్పేస్వామికి తల్లీ తండ్రీ లేరు. పెళ్లాం అంబిక మొలకాల్మూరులో ఉంది. ఫోన్ చేసి చెప్పేస్తే వచ్చి శవాన్ని తీసుకుపోతుంది. అతను ఫోన్ తీయగానే యంకమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"రమ్మని మాత్రం చెప్పు. పోయినాడని చెప్పొద్దు."

"ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల గదా పెద్దమ్మా."

"ఆ పిల్లకు చెప్పేది నేను."

అతను సరేనన్నాడు. తిప్పేస్వామి మీ ఇంట్లో తిని పెరిగినోడు, శవాల గది పక్కనే, ఒకసారి చూసి రా అని కూడా అన్నాడు.

"ఇప్పుడు పోలేనప్పా. వీడు కదుల్తాడు."

నిజంగానే మంచం మీది మనిషి కదులుతున్నాడు. నొప్పికి మెలి తిరగబోయినప్పుడల్లా ఆమె అతని మోకాళ్ల మీద చేతులు వేసి అదిమి పట్టుకుంది. మధ్యాహ్నం బీపీ పడింది. నర్సులు పరుగెత్తారు. ఆపరేషన్ గదిలో లైట్లు వేశారు. రక్తం సీసా వేలాడదీసి హిమజ నాడి పట్టుకుని నిలబడింది. ఆటోలో అంత ఏడ్చిన మనిషి ఇక్కడికొచ్చాక ఒక్క కన్నీటి చుక్క రాల్చకపోవడం చూసి కోటిలింగం ఆశ్చర్యపోయాడు. ఎంత గుండె దిటవో అనుకున్నాడు.

బీపీ మెల్లగా పైకొచ్చింది. సాయంత్రం ఇంకోసారి స్కాన్ తీశారు. గడ్డ పెరగలేదు, కొత్త రక్తం లేదు.

"కోయక్కర్లేదమ్మా," అంది హిమజ, మొదటిసారి నవ్వుతూ. "రేపటికి మాట్లాడతాడు కూడా. మీరింక కొంచెం ఏమైనా తినండి."

యంకమ్మ చేతులు జోడించింది.

అంబిక వచ్చేసరికి పొద్దు వాలింది. తలుపు దగ్గర కోటిలింగం తల దించుకోవడం చూసి ఆ పిల్ల గోడకు జారగిలబడింది. యంకమ్మ అప్పుడు లేచింది. అంబిక భుజం పట్టుకుని తీసుకొచ్చి తను కూర్చున్న స్టూలు మీదే కూర్చోబెట్టింది. ఆ పిల్ల చెయ్యి తీసి మంచం మీది చేతిలో పెట్టింది.

"గట్టిగా పట్టుకో. కదలనీయొద్దు. కుదుపు తగలకూడదంట," అంది.

కోటిలింగానికి అర్థం కాలేదు. దగ్గరికొచ్చి, ఈయమ్మను శవాల గదికి పిలుచుకుపోవాల గదా పెద్దమ్మా అన్నాడు మెల్లగా.

"నేనొస్తా పదప్పా," అంది యంకమ్మ. "నిద్ర ఆపుకోలేక కాకీ వీనికి తొడిగి బండి ఇచ్చినట్టుండాడు. ఆడుండేది నా కొడుకు."