లేదన్న పిల్ల

"పిల్ల ఇంట్ల లేదమ్మా. అమ్మమ్మ ఊరికి పోయింది" అన్నది గుర్వమ్మ, రెండు చేతులూ తలుపు చెక్కలకు ఆనించి.

రఘుపతి చేతిలోని కాగితం వంక చూసి, "లేదని రాసుకో భద్రమ్మా. నడు, పోదాం" అన్నాడు.

టీకాలు వేసే భద్రమ్మ కదల్లేదు. భుజం మీది సంచీ దించి అరుగు మీద కూర్చున్నది.

"జర మంచినీళ్లియ్యి చెల్లె. ఎండకు నోరు పిడచకట్టుకపోయింది."

రఘుపతికి ఒళ్లు మండింది. అతను ఆమెకు పై అధికారి. అది పంతొమ్మిది వందల అరవై మూడు ఎండకాలం. పక్క ఊళ్లో ఇద్దరికి అమ్మవారు పోసింది. రామన్నపేట చుట్టుపక్కల పల్లెలన్నింటిలో పది రోజుల్లో టీకాలు పూర్తి చేయమని పైనుంచి తాకీదు వచ్చింది. మిగతావాళ్లు రోజుకు రెండు ఊళ్లు ముగిస్తుంటే భద్రమ్మ ఒక్క ఊళ్లోనే మూడు రోజులు ఉండిపోతున్నది. అరుగుల మీద కూర్చుని కథలు చెబుతుందని ఫిర్యాదు. కళ్లారా చూసి, నిజమైతే ఆమెను ఈ పనిలోంచి తప్పించడానికే అతను వచ్చాడు.

"సర్కారు నిన్ను పెట్టుకున్నది కథలు చెప్పటందుకు కాదు" అన్నాడు, గుర్వమ్మ నీళ్లకు లోపలికి పోగానే. "లేదన్న పిల్లను యాడికెల్లి తెస్తవు?"

"ఒక్క గడియ సార్."

గుర్వమ్మ చెంబు తెచ్చి ఇచ్చి మళ్లీ తలుపుకు అడ్డంగా నిలబడింది. భద్రమ్మ తాగి, కొంగుతో మూతి తుడుచుకుంటూ వాకిట్లోని గొర్రెల వంక చూసింది.

"గొర్లు మంచిగున్నయ్ చెల్లె. నాకెరుకైన ఒకామెకు సుత మంద ఉండె. పెండ్లయిన తొమ్మిదేండ్లకు ఒక్క బిడ్డ. ఇంక నడక సక్కగ రాలె, గొర్రెపిల్లల ఎంబడి ఉరికేది. మందల ఎన్నున్నా చెవు మీద నల్లమచ్చ ఉన్నదాన్నే పోయి పట్టుకునేది. గంత మంచి చూపు దానిది."

గుర్వమ్మ ఒక చేయి దించింది.

"గప్పుడే టీకాలోళ్లొచ్చిండ్రు ఊరికి. సూది ఏస్తె అమ్మోరు తల్లికి కోపమొస్తదని ఎవలో చెప్పిండ్రు. కన్నపేగు, ఏం జేస్తది? పిల్లను జొన్నల గుమ్మి ఎన్క కూసోబెట్టి, చేతిల బెల్లం ముక్క పెట్టింది. టీకాలామె వచ్చి అడిగితే పిల్ల లేదన్నది."

"గామె ఏమన్నది?"

"ఏమంటది? రాసుకొని పోయింది."

"అయితే మంచిగనే ఆయె గద!"

"నెల తిరగలే, పిల్లకు పోసింది. అరికాళ్ల కాడికెల్లి కండ్లల్ల దాక. ఏపాకుల మీద పండబెట్టి తల్లి కావలి కూసున్నది, కన్ను మూయకుంట. పిల్ల బతికింది. ఒకనాడు లేసి, 'అమ్మా, ఇంక తెల్లారలేదా?' అని అడిగింది."

భద్రమ్మ చేతిలోని చెంబు అరుగు మీద పెట్టింది. "అప్పటికి వాకిట్ల ఎండ కాలుతాంది చెల్లె" అన్నది.

దడి అవతల ఎప్పుడు చేరారో, నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి వింటున్నారు.

"సూది ఏస్తె... బాగ నొప్పైతదా?" గుర్వమ్మ అడిగింది.

"రెండు దినాలు జరమొస్తది. చేయి మీద మచ్చ పడ్తది. గంతే."

గుర్వమ్మ గిర్రున లోపలికి తిరిగింది. గొర్రెపిల్లల మీద కమ్మే గంప ఎత్తిన చప్పుడు వినిపించింది. రెండేళ్ల పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల జుట్టు నిండా గడ్డిపరకలు. "ఎయ్యమ్మా" అని ముఖం పక్కకు తిప్పుకున్నది.

పిల్ల ఏడుపు ఆగకముందే దడి అవతలి ఆడవాళ్లు ఇళ్లకు పరుగెత్తారు. పొద్దున 'లేరు' అని రాసుకున్న ఇళ్ల నుంచి పదకొండు మంది పిల్లలు వచ్చారు.

ఇద్దరూ ఊరు దాటి బాట పట్టారు. పొద్దున చూసింది రఘుపతి కళ్ల ముందు మెదులుతున్నది. రామన్నపేటలో భద్రమ్మ ఇంటి తలుపు తట్టినప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల గోడ తడుముకుంటూ వచ్చి, "అమ్మ తానం చేస్తాంది, కూసో" అన్నది. దాని ముఖం నిండా అమ్మవారి మచ్చలు.

"భద్రమ్మా" అన్నాడు చివరికి. "నీ మీద నేనేం రాయను. పైవాళ్లకు నేను చెప్పుకుంట. ఒక్క ఊర్లె మూడు దినాలు కాదు, వారం ఉండు."

"మంచిది సార్."

"గా కథలున్న తల్లివి నువ్వేనని ముందుగాల నాకు తెలిస్తే, అరుగు కాడ గట్ల అనకపోదును. తప్పయింది. తెల్వక చేసినవు, ఇప్పుడు ఊరూరా తిరిగి చెప్పుకుంటున్నవు. ఇంక ఎంతకాలం కుములుతవు?"

భద్రమ్మ నడక ఆపింది.

"నేను కాదు సార్ ఆ తల్లిని. బిడ్డ ఎన్కనే ఆమెకు సుత పోసింది, బతకలే. అయ్య అంతకు ముందే పోయిండు. దిక్కులేని పిల్లను నేను తెచ్చుకున్న."

"సుట్టాల పిల్లనా?"

"కాదు."

"మరి నీకేమైతదని తెచ్చుకున్నవు?"

భద్రమ్మ సంచీని ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నది. అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"గా దినం లేదని రాసుకొని పోయింది నేనే సార్."