మోడల్ హౌస్‌లో పెదనాయన

"సార్, లోపల బాత్రూము ఎవరో వాడేశారు," అంది రూపశ్రీ, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పడగ్గదిలోంచి వస్తూ.

అది మనుషులు కాపురముండే ఇల్లు కాదు. రిటైరైనవాళ్ల కోసం చంద్రగిరి రోడ్డులో కట్టబోయే ఇళ్లు ఎలా ఉంటాయో చూపించడానికి ముందుగా కట్టిపెట్టిన మోడల్ హౌస్. సోఫాలు, పరుపులు, గాజుగిన్నెలో ప్లాస్టిక్ పళ్లు అన్నీ ఉన్నాయి గానీ కుళాయిల్లో నీళ్లు లేవు. ఆ సంగతి గుమ్మంలోనే చెప్పింది, ఇల్లు చూపించే రూపశ్రీ.

మునిచంద్ర హాలంతా కలియజూశాడు. చూడటానికి వచ్చినవి రెండే కుటుంబాలు. ఒకటి తను తీసుకొచ్చిన పెదనాయన, పెద్దమ్మ. రెండోది తను పనిచేసే కాలేజీ ప్రిన్సిపాల్ గంగాధరం, ఆయన భార్య. ఇల్లంతా తిరిగి అందరూ హాల్లోకి వచ్చాక, పడగ్గది ఇంకోసారి చూస్తామని పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయింది పెదనాయనే.

పెదనాయన పరంధామయ్య పొద్దుటినుంచీ కుదురుగా లేడు. వచ్చే నెల రిటైరవుతాడు, సూళ్లూరుపేటలో రైల్వే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. సొంతిల్లు చూసుకుంటున్నామన్న హుషారులో కనబడిన తలుపల్లా తెరిచాడు, స్విచ్చులన్నీ నొక్కాడు, పరుపు మీద కూర్చుని ఎగిరి చూశాడు. ప్రిన్సిపాల్ భార్య ముసిముసిగా నవ్వుకోవడం మునిచంద్ర కంటపడనే పడింది.

అతను విసవిసా పడగ్గదిలోకి వెళ్లాడు. పెద్దమ్మ పంకజాక్షి మంచం అంచున తల వంచుకుని కూర్చుని ఉంది. పెదనాయన బాత్రూము తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నేనేలే మునీ," అన్నాడు. "ఆపుకోలేకపోయినా. నీళ్లు రావన్న సంగతే మరిసిపోయినా."

"ఇప్పుడే గదా ఆ పాప చెప్పింది? చిన్నపిల్లోడివా నువ్వు? నలుగురిలోకి తీసుకొస్తే ఇట్లేనా చేసేది?"

ఆ మాటలు హాల్లోకి వినబడాలనే కొంచెం గట్టిగా అన్నాడు మునిచంద్ర. పెద్దమ్మ లేచి ఏదో చెప్పబోయింది. పెదనాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, కూర్చోమన్నాడు.

తర్వాత రూపశ్రీని బకెట్టు అడిగాడు. పనిమనిషిని పిలుస్తానని ఆమె అంటే, ఇది ఇంకొకరి చేత చేయించే పని కాదు తల్లీ అన్నాడు. ప్యాంటు పైకి మడిచి, బయట గోడలు తడపడానికి కట్టిన తొట్టిలోంచి నీళ్లు ముంచుకుని, సోఫాలో కూర్చున్న ప్రిన్సిపాల్ ముందునుంచే మోసుకుపోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ మోశాడు. బకెట్టుకు తనూ ఒక చెయ్యి వెయ్యవచ్చు; అయినా మునిచంద్ర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"మీ వాళ్లా?" అని మెల్లగా అడిగాడు ప్రిన్సిపాల్.

"దూరపు చుట్టాలు సార్."

అనేసి తలెత్తితే, ఖాళీ బకెట్టుతో పెదనాయన గుమ్మంలో ఉన్నాడు. విన్నాడో లేదో, చూపు పక్కకు తిప్పుకుని తొట్టి వైపు పోయాడు.

రేణిగుంట స్టేషన్‌కు వెళ్తుంటే కారులో దూరపు చుట్టాలన్న మాట మునిచంద్రను ముల్లులా గుచ్చుతూనే ఉంది. కానీ క్షమించమని అడగడానికి నోరు రాలేదు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మళ్లీ పెదనాయన మీదే పడ్డాడు. రేపు కాలేజీలో తలెత్తుకుని ఎలా తిరగాలన్నాడు. ఇకమీదట ఇళ్లు చూడటానికి తనను పిలవొద్దన్నాడు.

"తప్పయిపోయిందిలేరా," అన్నాడు పెదనాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఇల్లు మాత్రం బాగుండాది."

స్టేషన్ ముందు కారు ఆగగానే ఆయన టికెట్లకని దిగి వెళ్లాడు. పంకజాక్షి దిగలేదు. ఆయన జనంలో కలిసిపోయేదాకా చూసి, వెనక సీట్లోంచి ముందుకు వంగి, మునిచంద్ర భుజం పట్టుకుంది.

"ఆయన్ను ఇంకేమీ అనొద్దు నాయనా. ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు గానీ, నాకు మనసు ఒప్పుకోలేదు. ఆపరేషన్ అయినప్పట్నుంచీ నాకు ఆగడం లేదురా. ఆ బాత్రూములోకి పోయింది నేను."