గీత మీద ముద్ర

పొద్దున షాపు తీసేసరికి విత్తనాల వ్యాపారి చేతిలో రెండే ఉన్నాయి: ఒక ఓటు, తను ఎవరి మనిషీ కాదన్న పేరు. సాయంత్రానికి రెండూ మిగలవని అతనికి అనిపిస్తూనే ఉంది.

"ఏమండీ, మా తమ్ముడికే కదా?" గింజలు జల్లిస్తూ భార్య మూడోసారి అడిగింది.

"ఓటు సంగతి అడక్కూడదు."

"నేనేం పరాయిదాన్నా? వాడు వర్తక సంఘం అధ్యక్షుడైతే మార్కెట్టు ఊరి బయటికి మారుతుంది. మనకీ కాస్త పెద్ద షాపు దొరుకుతుంది."

"ఇక్కడి చిన్న షాపులవాళ్ళు ఏమైపోతారు?"

"అసలు సంగతి అది కాదులెండి. మీరు మంచం పట్టిన రెండు నెలలూ వాడి మీద పోటీకి నిలబడ్డ మన పక్క షాపు ఇనుప సామాన్లాయనే మన షాపు కూడా తీసిపెట్టాడు. ఆ మొహమాటం మిమ్మల్ని తినేస్తోంది."

అతను ఆమె రాసిచ్చిన ఇంటి సామాన్ల కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు.

"అదీ పొట్లం కట్టేశారా! మీ చేతికి ఏ కాగితమిచ్చినా మూడు మూలల పొట్లమే" అని ఆమె నవ్వింది.

సంఘం ఆఫీసుకి నడుస్తూ లెక్క వేసుకున్నాడు. బావమరిదికి వేస్తే రేపు పక్క షాపు వైపు చూడలేడు. స్నేహితుడికి వేస్తే ఇంట్లో కంచం ముందు తలెత్తలేడు. అసలు మార్కెట్టుకి ఏది మంచిదో ఆలోచిద్దామంటే, ఈ ఇద్దరి ముఖాలే అడ్డొస్తున్నాయి. అడిగినవాళ్ళందరికీ మాత్రం ఎప్పటి మాటే చెప్పాడు: "నా ఓటు ఎవరి జేబులోనూ లేదు."

మధ్యాహ్నానికి నలభై ఒక్కమందీ ఓటేశారు. లెక్కపెట్టే పని అతనికే అప్పగించారు. అతని పేరు చెప్పింది ఇనుప సామాన్లాయనే. "బావమరిది నిలబడ్డా సరే, మావాడు ఒకవైపు వంగే రకం కాదు" అన్నాడు.

పెట్టె తెరిచాక అతనికో ఇబ్బంది వచ్చిపడింది. మడత చూస్తే చాలు, చీటీ ఎవరిదో తెలిసిపోతోంది. బట్టల షాపు పెద్దాయన తన చీటీని గుడ్డ తానులా చుట్టాడు. పుస్తకాల షాపాయన అట్ట వేసినట్టు అంచులు కలిపాడు. మందుల షాపామె మాత్రంత చిన్నగా మడిచింది. ఇంకొకరి కంట పడకుండా అతను ప్రతి చీటీనీ ఒళ్ళో విప్పి, మడతలు పోయేలా బొటనవేలితో రుద్ది, అప్పుడు బల్ల మీద పెట్టాడు.

ఇటు ఇరవై. అటు ఇరవై. చివరిది విప్పాడు. ముద్ర రెండు గడుల మధ్య గీత మీద పడింది.

"మా గడిలోకే ఎక్కువుంది!" బావమరిది లేచాడు.

"కళ్ళజోడు మార్పించుకో బాబూ" అన్నాడు ఇనుప సామాన్లాయన.

"చెల్లదు" అన్నాడు విత్తనాల వ్యాపారి.

"ఎవడండీ ఈ పిరికిపంద?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే బట్టల షాపు పెద్దాయన వైపు తిరిగారు. ఆయన చేతులు రెండేళ్ళుగా వణుకుతున్నాయి.

పెద్దాయన కొడుకు తల పట్టుకున్నాడు. "చూశావా నాన్నా? నలుగురిలో పరువు తీశావు. ఇక షాపూ, ఓటూ నేనే చూసుకుంటాను. తాళాలు ఇటివ్వు."

"గడి మధ్యలోనే వేశాను రా... వేశాననే అనుకుంటున్నా." పెద్దాయన విత్తనాల వ్యాపారి వైపు చూశాడు. "నాయనా, నువ్వు అబద్ధమాడవు. అది నాదేనా? నువ్వు ఔనంటే ఒప్పుకుంటాను."

తానులా చుట్టిన చీటీ అతనికి బాగా గుర్తుంది. తొమ్మిదోది. ముద్ర గడి నడిమధ్యన తిన్నగా పడింది. కానీ నోరు విప్పితే మడతల సంగతి బయటపడుతుంది. నలభై ఒక్కమంది గుట్టూ పోతుంది.

"చీటీ ఎవరిదో చెప్పకూడదండీ. అది నియమం" అన్నాడు.

"అంటే నాదే అన్నమాట." పెద్దాయన మొలలోంచి తాళాలు తీశాడు. అవి గలగలమని వణికాయి. కొడుకు అందుకున్నాడు.

ఓట్లు సమానం కావడంతో ఇద్దరి పేర్లూ రాసి డబ్బాలో వేసి ఒకటి తీస్తే ఇనుప సామాన్లాయన పేరు వచ్చింది. ఆయన విత్తనాల వ్యాపారిని కావలించుకుని చెవిలో అన్నాడు: "నీ ఓటు నాకే పడిందని తెలుసురా. ఈ మేలు మర్చిపోను." బావమరిది గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకున్నాడు: "నువ్వు నాకే వేసుంటావు బావా. నా అదృష్టమే బాగాలేదు."

"మచ్చలేని మనిషి. వచ్చేసారి కూడా నువ్వే లెక్కపెట్టాలి" అన్నారు మిగతావాళ్ళు.

మెట్లు దిగుతూ లెక్క తేల్చుకున్నాడు. ఓటు ఖర్చయింది. పేరు మిగలడమే కాదు, ఇంకా పెరిగింది. ఒక్క ఓటుకి రెండువైపులా కృతజ్ఞతలు ముట్టాయి. కింద రోడ్డు మీద, కొడుకు వెనకాల పెద్దాయన తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంటూ నడుస్తున్నాడు.

పెట్టెలో మూడు మూలల పొట్లంగా ఉన్నది ఆ చివరి చీటీ ఒక్కటే.