ఆఖరి ఆరు సెకన్లు

"మీ కోచ్‌కు బుద్ధుండాదా? ఒక్క పాయింటు వెనకుండారు, ఇంకా ఆరు సెకన్లుండాయి. నిన్ను పెట్టుకొని ఆ జిన్సీకి బంతి ఇప్పిస్తాడా?"

పుంగనూరులో విత్తనాల అంగడి నడిపే చెంగల్రాయప్ప, కూతురు మాధవి ఆడిన బాస్కెట్‌బాల్ లీగు మ్యాచ్‌ను ఫోన్‌లో నాలుగోసారి ఆపాడు. నిన్న బెంగళూరులో ఓడిపోయి, మాధవి పొద్దున్నే ఊరికొచ్చింది.

"ఆయన నన్నే వెయ్యమన్నాడు నాయనా. మార్చింది నేనే."

"యాల?"

"ఇద్దరు నా మీదికొచ్చినారు. సూడు, జిన్సీ దగ్గర ఎవురూ లేరు. అందుకే ఇచ్చినా. వేసింది, రింగుకు తగిలి బయటపడింది."

"మరి కోచ్ టీవీలో తప్పంతా తనదే అన్నాడే?"

"మమ్మల్ని ఎవురూ తిట్టకుండా అట్ల సెప్పినాడు."

చెంగల్రాయప్ప వీడియోను వెనక్కి జరిపాడు. ఈసారి బంతి వైపు చూడలేదు. గంట మోగాక అందరూ వెళ్లిపోతుంటే జిన్సీ ఒక్కతే ముఖం కప్పుకొని నిలబడి ఉంది.

"ఆ పాప ఎట్లుండాది?"

"పొద్దున్నించీ నా ఫోన్ ఎత్తడంలేదు."

ఆయన తన ఫోన్ కూతురి చేతికిచ్చాడు.

"దీంట్లోంచి చెయ్యి. ఆటలో మళ్లా అట్లాంటి గడియే వస్తే, మళ్లా తనకే బంతి ఇస్తానని సెప్పు."