టిన్ స్టీపుల్‌లో చివరివాడు

"ఈ ఒక్క కచేరీకీ ఉండరా, కోల్బీ" అన్నాడు హోలిస్.

కోల్బీ సంచీ భుజాన వేసుకున్నాడు. "పోయిన వారం కూడా ఇదే మాటన్నావు, పెద్దాయనా."

అలబామాలో జిల్లా సంత. వేదిక వెనక్కి చేపల వేపుడు వాసన కొడుతోంది. మైదానం నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగంమంది మూతపడ్డ బట్టల మిల్లు కార్మికులు. వాళ్ళ పెళ్ళిళ్ళలో మోగినవన్నీ 'టిన్ స్టీపుల్' బ్యాండు పాటలే.

ఆ బ్యాండు పెట్టింది అదే మిల్లులో పనిచేసిన ముగ్గురు కుర్రాళ్ళు. పాటలు పాడే ట్రూయెట్ పాస్టరై వెళ్ళిపోయాడు. డ్రమ్ములు వాయించే రెన్నీ, హోలిస్ సొంత తమ్ముడు, తాగి తాగి పోయాడు. వాళ్ళ స్థానాల్లోకి ఎందరో వచ్చారు, అలిగారు, కొట్టుకున్నారు, వెళ్ళారు. మొదటివాళ్ళలో మిగిలింది హోలిస్ ఒక్కడే. జనం వచ్చేది అతని గిటార్ కోసమే.

కోల్బీ చేరి రెండేళ్ళయింది. స్పీకర్ల వెనక చీకట్లో నిలబడి వాయిస్తాడు. కొత్తవాళ్ళ చోటు అదేనని హోలిస్ అందరికీ చెబుతాడు.

"మొన్న నా పెళ్ళాం చూడ్డానికొచ్చింది. అసలు నువ్వు బ్యాండులో ఉన్నావా అనడిగింది" అన్నాడు కోల్బీ.

"పోస్టర్ మీద నీ పేరు వేయిస్తాను."

"వేయించలేవు. అది నీకూ తెలుసు."

హోలిస్ అతని చెయ్యి పట్టుకున్నాడు. తాగొద్దని తమ్ముణ్ణి తప్ప మరెవర్నీ అంతలా బతిమాలి ఎరగడు. కోల్బీ మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు డ్రమ్ములు వాయిస్తున్న వెర్నా, హోలిస్‌కి జ్వరమని జనానికి చెప్పి కచేరీ మానేద్దామంది. హోలిస్ వినలేదు. కోల్బీ కోపం ఎంతోసేపుండదని, ఆఖరి పాట వేళకి వచ్చేస్తాడని అన్నాడు.

గొంతు చించుకుని పాటలు నెట్టుకొచ్చాడు. పాట పాటకీ స్పీకర్ల వైపు చూశాడు.

ఆఖరి పాట మొదలైంది. జనం లేచి నిలబడి హోలిస్ పేరు పిలిచారు. ముందు వరసలో ఒక ముసలామె, పోయిన మొగుడి టోపీ ఎత్తి ఊపింది. అందరూ ఎదురుచూసే గిటార్ ఘట్టం రాగానే డ్రమ్ములు ఆగాయి. హోలిస్ కళ్ళు మూసుకున్నాడు.

తీగల మీద అతని వేళ్ళు కదిలాయి గానీ మైదానంలో ఒక్క స్వరమూ పలకలేదు. పక్షవాతంతో ఆ చేతిలో పట్టు పోయిన నాటి నుంచీ ప్రతి వేదిక మీదా జనం విన్నది కోల్బీ గిటార్‌నే.